ఒంటికి అందని కబురు

వంటింట్లో స్టీలు పళ్లెం జారి గచ్చు మీద పడింది. పడ్డ పళ్లెం ఊరికే ఉండదు. గిరగిరా తిరుగుతూ, చప్పుడు పెంచుకుంటూ పోయి, చివరికి ఠక్కున ఆగుతుంది. అది ఆగేలోపే ముందుగదిలో చదువుకుంటున్న పదహారేళ్ల అమ్మాయి లేచి, ఎనిమిదో తరగతి తమ్ముడి రెక్క పట్టుకుని, వాణ్ని బీరువాకీ గోడకీ మధ్య సందులోకి నెట్టి, తను అడ్డంగా నిలబడింది. చేతిలో కెమిస్ట్రీ పుస్తకం అలాగే ఉంది. వేలు పెట్టిన పేజీ కూడా జారలేదు. "పళ్లెం జారిందిలే, ఏం లేదు" అని లోపలినుంచి అత్తయ్య. మావయ్య పేపరు దించి చూసి నవ్వాడు. "పళ్లేనికే ఇంత భయమా తల్లీ!" అమ్మాయి కూడా నవ్వేసింది. తమ్ముడు నవ్వలేదు.

వాళ్లు ఒంగోల్లో తండ్రి ఇల్లు వదిలి తెనాలిలో మేనమామ ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ కొట్టరు. రాత్రి తొమ్మిదింటికల్లా తలుపు గడియ వేసేస్తారు. ఆ సంగతి అమ్మాయికి తెలుసు, ఎవరైనా అడిగితే చెబుతుంది కూడా. ఆమె ఒంటికే ఆ కబురు ఇంకా అందలేదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ అమ్మాయి ఏ ఒక్కరూ కాదు. ఇలాంటి ఇళ్లలోంచి వచ్చిన పిల్లల గురించి చదివినవీ విన్నవీ కలిపి నేను కట్టుకున్న మనిషి. ఆమెకు పేరు పెట్టడం లేదు. ఈ అధ్యాయంలో వచ్చే ప్రయోగాలు, అంకెలు, శాస్త్రవేత్తలు మాత్రం నిజం.

పెద్దవాళ్లు వేసుకునే లెక్క తేలికైనది. గొడవ ఉన్న ఇల్లు వదిలేశాం కనక గొడవ అయిపోయింది, ఇక పిల్లలు చదువు మీద పడాలి. అమ్మాయి కూడా ఆ లెక్కే వేసుకుంది. మొదటి రెండు నెలలూ బాగానే ఉంది. తమ్ముడి టీసీ కోసం తిరిగింది, అమ్మను డాక్టరుకు చూపించింది, రేషన్ కార్డు మార్పించే పని కూడా తనే నెత్తినేసుకుంది. మూడో నెలలో మొదలైంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది, ఇక పట్టదు. కడుపులో నొప్పి, స్కానింగ్ తీస్తే ఏమీ లేదు. లెక్కల్లో తొంభైకి తగ్గని పిల్లకు యూనిట్ టెస్టులో నలభై. వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసిందని స్నేహితురాలి మీద కాలేజీ అంతా వినబడేలా అరిచేసింది. "అక్కడ అన్ని కేకల మధ్య చదివిన పిల్ల, ఇక్కడ చల్లగా కూర్చుని చదవలేకపోవడమేమిటే" అని అమ్మమ్మ విస్తుపోయింది.

అమ్మమ్మ అడిగింది మంచి ప్రశ్న. దానికి జవాబు కావాలంటే ముందు ఆ అమ్మాయి అక్కడ ఏం నేర్చుకుందో చూడాలి.

పిల్లల మొహం చూసి

ఆ అమ్మ అంతకుముందు రెండుసార్లు పుట్టింటికి వచ్చింది. రెండుసార్లూ పెద్దమనుషులు కూర్చుని మాట్లాడి వెనక్కి పంపారు. వాళ్లు అన్నమాట మన అందరికీ తెలిసిందే: "పిల్లల మొహం చూసైనా సర్దుకుపోమ్మా." ఇదేదో అరుదైన ఇంటి కథ అనుకోవడానికి లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 18 నుంచి 49 ఏళ్ల మధ్య పెళ్లయిన ఆడవాళ్లను అడిగితే, భర్త చేతిలో దెబ్బలో లైంగిక హింసో ఎప్పుడైనా అనుభవించామన్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 29 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 30, తెలంగాణలో 37. అదే సర్వేలో, ఫలానా కారణం ఉంటే భర్త కొట్టడం సబబేనన్న ఆడవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 80 మంది పైనే. చెప్పుకోనివాళ్లు ఈ లెక్కలోకి రారు. ఈ ఇళ్లలో తలుపు వెనక నిలబడి విన్న పిల్లలు ఎందరన్న లెక్క కూడా ఇందులో ఉండదు.

పిల్లల మొహం చూసి అంటారు గాని, ఆ పిల్లలు ఎవరి మొహం చూస్తూ పెరుగుతున్నారో పంచాయితీలో ఎవరూ అడగరు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సెత్ పొలాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అడిగాడు. 2002లో వచ్చిన ఒక ప్రయోగంలో ఆయన బృందం పిల్లలకు మసకబారిన ఫొటోలు చూపించింది. బొమ్మ కొంచెం కొంచెంగా తేటపడుతూ వస్తుంది. ఆ మొహం సంతోషంగా ఉందో, బాధగా ఉందో, కోపంగా ఉందో గుర్తు పట్టగానే చెప్పాలి. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లలు మిగతా మొహాల విషయంలో తోటివాళ్లకన్నా ముందేమీ లేరు. కోపం దగ్గరికొచ్చేసరికి, బొమ్మ ఇంకా సగం మసకలో ఉండగానే పట్టేశారు.

దీన్ని జబ్బు అనడానికి నాకు మనసొప్పదు. మన అమ్మాయినే తీసుకోండి. వీధి మలుపులో నాన్న బండి చప్పుడు వింటే ఆమెకు చాలు, ఇవాళ ఎలాంటి రాత్రో తెలిసిపోతుంది. బండి స్టాండు మెల్లగా పడితే ఒకటి, ఒక్క తన్ను తన్నితే ఇంకొకటి. చెప్పులు విడిచే తీరు. "అన్నం పెట్టు" అన్న మాటలో చివరి అక్షరం ఎక్కడ ఆగిందన్నది. ఇవన్నీ చూసి ఆమె ఎనిమిదేళ్ల వయసుకే నిర్ణయాలు తీసుకునేది: తమ్ముణ్ని పక్కింటి పిన్నిగారింటికి పంపాలా, టీవీ కట్టెయ్యాలా, హోంవర్కు పట్టుకుని మధ్యలోకి వెళ్లి కూర్చోవాలా. వాతావరణ శాఖ తుపానును అంచనా వేసినట్టు ఒక మనిషిని అంచనా వేసింది ఆ పిల్ల. ఇంతటి చదువుకు మార్కులు ఉండవు.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఈమన్ మెక్రోరీ బృందం ఇదే విషయాన్ని మెదడు లోపలికి వెళ్లి చూసింది. 2011లో వచ్చిన ఆ పరిశోధనలో 43 మంది పిల్లలు, సగటు వయసు పన్నెండు. వాళ్లలో 20 మంది కుటుంబ హింస చూసినవాళ్లు, అది అధికారుల దగ్గర నమోదైన సంగతి. మెదడులో ఏ భాగానికి రక్తం ఎక్కువగా అందుతోందో చూపించే ఎఫ్ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి మొహాలు చూపించారు. పిల్లలు చెయ్యాల్సిందల్లా ఆ మొహం ఆడవాళ్లదో మగవాళ్లదో మీట నొక్కి చెప్పడం. ఆ మొహంలో ఏ భావం ఉందో వాళ్లను ఎవరూ అడగలేదు. అయినా కోపపు మొహం కనపడగానే హింస చూసిన పిల్లల్లో రెండు చోట్ల స్పందన ఎక్కువగా వచ్చింది. ఒకటి అమిగ్డాలా, బాదంపప్పంత ఉండే భయం కాపలాదారు. రెండోది ఇన్సులా ముందు భాగం, ఒంట్లో జరిగేదాన్ని గమనిస్తూ రాబోయే కీడును ఎదురుచూసే చోటు. విచారంగా ఉన్న మొహాలకు ఈ తేడా రాలేదు. యుద్ధరంగం నుంచి తిరిగొచ్చిన సైనికుల మెదళ్లలో ఈ రెండు చోట్లే ఇలా స్పందించడం అంతకుముందే తెలుసు. ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇంకో వివరం: ఆ 20 మంది పిల్లల్లో ఎవరికీ అప్పటికి ఏ మానసిక వ్యాధీ నిర్ధారణ కాలేదు. పైకి అందరూ బాగున్నవాళ్లే.

సైనికుడితో పోలికకు ఒక హద్దు ఉంది. సైనికుడు యుద్ధం నుంచి ఇంటికి వస్తాడు. ఈ పిల్లలకు యుద్ధమూ ఇల్లూ ఒకటే చోటు.

మోటారు, ఫ్లోట్

హార్వర్డ్‌లో శరీరధర్మ శాస్త్రం చెప్పిన వాల్టర్ కానన్ 1915లో, ముప్పు ఎదురైతే జంతువు ఒళ్లు పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుందని వర్ణించాడు. గుండె వేగం, ఊపిరి వేగం, కండరాలకు రక్తం, అరుగుదల బంద్. ఎనిమిదేళ్ల పిల్ల తండ్రితో పోట్లాడలేదు. పరుగెత్తుదామంటే ఇంకో ఇల్లు లేదు. ఇక మిగిలింది కొయ్యబారిపోవడం. గుండె దడదడలాడుతూ ఉంటుంది, మనిషి కదలదు. ఆమె కడుపునొప్పికి స్కానింగులో ఏమీ కనపడకపోవడానికి ఇందులో కొంత కారణం ఉంది. ముప్పు వేళ పేగుల పని ఆపమని ఆజ్ఞ వెళుతుంది, ఏళ్ల తరబడి రోజూ వెళుతుంది. ఆ నొప్పి నాటకం కాదు.

ఈ సన్నాహమంతా రెండు దారుల్లో నడుస్తుంది. నరాల దారి వేగం, సెకన్లలో అడ్రినలిన్ దూకుతుంది. రెండోది నెమ్మది. మెదడు అడుగున హైపోథాలమస్ ఒక హార్మోను వదులుతుంది, దాని కిందనే వేలాడే పిట్యూటరీ దాన్ని అందుకుని ఇంకొకటి రక్తంలోకి పంపుతుంది, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు దాన్ని అందుకుని కార్టిసాల్ తయారు చేస్తాయి. ఈ కార్టిసాల్ ఒంట్లో చక్కెర నిల్వలను బయటికి తీసి శక్తి అందిస్తుంది. అరగంటలోపు పతాక స్థాయికి చేరి తగ్గుముఖం పడుతుంది.

తగ్గమని చెప్పేది ఎవరు? కార్టిసాలే. మేడమీద ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ పెట్టుకుంటారు చూడండి, నీళ్లు పైకొస్తే అవే ఫ్లోటును లేపి మోటారు ఆపేస్తాయి. ఇదీ అంతే. రక్తంలో పెరిగిన కార్టిసాల్ మెదడుకు తిరిగి చేరి, ఇక చాలు ఆపమంటుంది. ఆ మాట అందుకునే చోట్లలో ముఖ్యమైనది హిప్పోక్యాంపస్, జ్ఞాపకాలను చోటుతో, వేళతో ముడివేసి దాచే భాగం. మోటారు రోజూ, ఏళ్ల తరబడి తిరిగితే ఫ్లోటు అరిగిపోవచ్చు, మోటారు ఆగదు. లేదా వైరింగే నీరసించి, అవసరమైనప్పుడు కూడా మోటారు సరిగ్గా లేవదు. కష్టాల్లో పెరిగిన పిల్లల్లో రెండు రకాలూ కనిపిస్తాయి. కొందరికి కార్టిసాల్ స్పందన ఎక్కువ, కొందరికి మరీ తక్కువ. చిన్నప్పుడే మొదలై చాలాకాలం సాగిన కష్టమైతే రెండో రకం తరచుగా కనిపిస్తుంది. ఒకే ఇంట్లో అక్క పళ్లెం చప్పుడుకు లేచి నిలబడుతుంది, తమ్ముడు ఏం జరిగినా బండరాయిలా చూస్తుంటాడు. "వీడికి చీమ కుట్టినట్టైనా లేదు" అంటారు. అది నిజం కాకపోవచ్చు.

హిప్పోక్యాంపస్ మాట వచ్చింది కనక ఇంకొకటి. పోలీసు స్టేషన్‌లోనో కోర్టులోనో పిల్లల్ని అడిగే మొదటి ప్రశ్న "ఎప్పుడు జరిగింది, ఏ తేదీ?" అమ్మాయి చెప్పలేదు. ఆ రోజు అమ్మ కట్టుకున్న చీర అంచు చెబుతుంది, పొయ్యి మీద మాడిన పప్పు వాసన చెబుతుంది, అది దసరాకు ముందో వెనకో చెప్పలేదు. తీవ్రమైన భయంలో రంగూ వాసనా చప్పుడూ గట్టిగా అచ్చుపడతాయి, వాటిని వరసలో పేర్చే పని మాత్రం కుంటుపడుతుంది. వినేవాళ్లు దాన్ని అబద్ధానికి గుర్తుగా తీసుకుంటే అన్యాయం.

లెక్కల్లో నలభై ఎందుకొచ్చిందో ఇప్పుడు చెప్పొచ్చు. ఒక లెక్క చెయ్యాలంటే మధ్యలో వచ్చిన అంకెను కాసేపు తలలో పట్టుకుని ఉండాలి. నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ చేసే పని అది. ముప్పు ఉందన్న సంకేతం వచ్చినప్పుడల్లా ఆ పని పక్కకు పోతుంది. క్లాసులో వెనక బెంచీలో ఎవరో కుర్చీ జరిపారు, వరండాలో లెక్చరర్ గొంతు పెరిగింది, బయట బండి ఆగింది. మిగతా అరవై మందికి ఇవి వినపడనే వినపడవు. ఈమెకు ఒక్కోటీ ఒక్కో ప్రశ్న. "పరధ్యానం" అని ప్రోగ్రెస్ కార్డులో రాస్తారు గాని, ఆ క్లాసులో అందరికన్నా ధ్యాసగా ఉన్నది ఆ పిల్లే. ఆ ధ్యాస బోర్డు మీద లేదు, అంతే.

అచ్చు వాళ్ల నాన్నే

తమ్ముడి సంగతికొద్దాం. పదమూడేళ్లు. ఇన్నాళ్లూ అక్క వెనక దాక్కున్న పిల్లాడు. ఆరో నెలలో స్కూల్లో ఒకణ్ని పెన్సిల్ బాక్సు పెట్టి కొట్టాడు, ఆ పిల్లాడికి కనుబొమ దగ్గర రెండు కుట్లు పడ్డాయి. సాయంత్రం ఇంట్లో అమ్మ ఏడుస్తూ ఒక మాట అనేసింది: "నీ బాబు బుద్ధులు ఎక్కడికి పోతాయిరా." అమ్మ అలా అనడంలో కోపం తక్కువ, భయం ఎక్కువ. ఇంకో పదేళ్లకు మళ్లీ అదే మనిషి తన ఇంట్లోనే తయారవుతాడేమోనన్న భయం. తమ్ముడు జవాబు చెప్పలేదు. అద్దం ముందు నిలబడి జుట్టు పాపిడి ఎడమనుంచి కుడికి మార్చుకున్నాడు. వాళ్ల నాన్న పాపిడి కూడా ఎడమవైపే.

మన భాషలో పోలిక చాలా పెద్ద మాట. ముక్కు ఎవరిది, నడక ఎవరిది అని పురిట్లోనే మొదలుపెడతాం. మామూలు ఇంట్లో అది మురిపెం. ఈ ఇంట్లో అది తీర్పు. పౌరుషం తలకెక్కే వయసులో, మీసం నల్లబడుతున్న వయసులో, తను ఎవరవుతానోనన్న ప్రశ్న ఎలాగూ బుర్రలో తిరుగుతుంటుంది. దానికి జవాబు ముందే రాసి చేతిలో పెడితే, కొందరు పిల్లలు ఇక ఎందుకు పెనుగులాడాలని ఆ జవాబులోనే ఇమిడిపోతారు.

లెక్కలు ఏమంటున్నాయో చూద్దాం. హింస హింసను కంటుందన్న మాటను మొదటిసారి పెద్ద ఎత్తున సరిచూసిన పరిశోధకురాలు అమెరికాకు చెందిన క్యాథీ స్పాట్జ్ విడమ్. చిన్నతనంలో హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు కోర్టు రికార్డుల్లో ఉన్న 908 మందిని, అదే వయసు, అదే రకం ఇరుగుపొరుగు ఉన్న 667 మంది మామూలు పిల్లలను తీసుకుని, తర్వాతి ఏళ్లలో ఎవరెవరు నేరాల్లో అరెస్టయ్యారో వెతికింది. 1989లో ఫలితం వచ్చింది. మైనారిటీ తీరకముందే అరెస్టయినవాళ్లు మామూలు పిల్లల్లో నూటికి 17, కష్టాలు పడిన పిల్లల్లో నూటికి 26. తేడా ఉంది, దాన్ని కాదనలేం. అదే అంకెను ఇటునుంచి చదవండి: నూటికి 74 మంది ఆ వయసులో అరెస్టు కాలేదు. ఆడపిల్లల సంగతీ ఇలాంటిదే. తల్లి దెబ్బలు తినడం చూసి పెరిగిన ఆడవాళ్లు తామూ భర్త చేతిలో దెబ్బలు తినే అవకాశం మిగతావాళ్లకన్నా ఇంచుమించు రెట్టింపని మన కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. అది కూడా రాసిపెట్టిన రాత కాదు.

తమ్ముడు కొట్టిన రోజు ఏం జరిగిందో తర్వాత ఎప్పుడో అక్కతో చెప్పాడు. ఆ పిల్లాడు వీడి వెనక నిలబడి ఇంకెవరినో బెదిరిస్తూ చెయ్యి పైకెత్తాడు. పైకెత్తిన చెయ్యి కంటి చివర పడింది, అంతే. మసక బొమ్మలో కోపం పట్టేసే పిల్లలు మరి. కొన్నిసార్లు లేని కోపాన్నీ పట్టేస్తారు. పొలాక్ ఇంకో ప్రయోగంలో ఒక భావం నుంచి ఇంకో భావానికి మెల్లగా మారే మొహాలు చూపిస్తే, దెబ్బలు తిన్న పిల్లలకు కోపం అన్న గీత కొంచెం ముందే మొదలైంది. వాళ్ల నాన్నకూ వాడికీ తేడా ఇక్కడ ఉంది: ఆయన తనకంటే బలహీనుల మీద చెయ్యి ఎత్తాడు, వీడు ఎత్తిన చెయ్యిని చూసి బెదిరాడు. రెండిటికీ ఒకే పేరు పెట్టకూడదు. కుట్లు పడ్డ పిల్లాడికి క్షమాపణ చెప్పించాల్సిందే, అది వేరే సంగతి.

ఇంకో ముడి ఉంది, దీన్ని పెద్దలు అసలు ఒప్పుకోరు. పిల్లలకు ఆ తండ్రి మీద ప్రేమ ఉంటుంది. సైకిలు నేర్పింది ఆయనే. ఆదివారం పూట మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చి ఉల్లిపాయ ముక్కలు అమ్మాయి పొట్లంలో ఎక్కువ వేసింది ఆయనే. ఆయన ఫోన్ చేస్తే అమ్మాయి ఎత్తదు, ఫోన్ రాని ఆదివారం నిద్రపోదు. అమ్మకు చెబితే ద్రోహం, చెప్పకపోతే అబద్ధం. ఆ ప్రేమను ఎవరూ తిట్టకుండా ఉండే ఒక్క చోటు ఇంట్లో దొరికినా పిల్లలకు చాలా బరువు తగ్గుతుంది.

జాతకం కాదు

ఈ విషయం మీద ప్రపంచంలో ఎక్కువగా చెప్పుకునే పరిశోధన కాలిఫోర్నియాలోని శాన్‌డియాగోలో జరిగింది. విన్సెంట్ ఫెలిట్టి అక్కడ స్థూలకాయ చికిత్స నడిపే డాక్టరు. బరువు బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేస్తుండటం చూసి కారణం వెతుకుతూ వెళ్లి, వాళ్లలో చాలామంది బాల్యాల్లో హింస తగిలి ఆగిపోయాడు. తర్వాత రాబర్ట్ అండాతో కలిసి 1995 నుంచి 1997 దాకా 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను చిన్ననాటి కష్టాల గురించి అడిగారు. తల్లిని కొట్టడం చూశారా అన్నది ఆ ప్రశ్నల్లో ఒకటి. 1998లో వచ్చిన మొదటి నివేదిక ప్రకారం, నాలుగు రకాలో అంతకన్నా ఎక్కువో కష్టాలు పడ్డవాళ్లకు తాగుడు, మత్తుమందులు, కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నం, వీటి ముప్పు ఏ కష్టమూ లేనివాళ్లకన్నా నాలుగు నుంచి పన్నెండు రెట్లు.

ఈ అంకె బయటికొచ్చాక జనం దాన్ని జాతక చక్రంలా వాడటం మొదలుపెట్టారు. నీ స్కోరెంత, నా స్కోరెంత అని. లక్షల మంది సమూహంలో ముప్పును కొలవడానికి పనికొచ్చే ఆ అంకెను ఒక్కో మనిషి భవిష్యత్తు చెప్పడానికి వాడొద్దని 2020లో అండా స్వయంగా రాయాల్సి వచ్చింది.

జాతకం కాదనడానికి ఇంకా గట్టి సాక్ష్యం హవాయి దీవుల్లోని కవాయిలో ఉంది. 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాల పాటు వెంబడించారు. వాళ్లలో మూడోవంతు పేదరికం, ఇంట్లో గొడవలు, తాగుడు, తల్లిదండ్రుల మానసిక వ్యాధి వంటివి కలగలిసిన ఇళ్లలో పెరిగారు. ఆ మూడోవంతులో మళ్లీ మూడోవంతు, చెక్కుచెదరని మనుషులుగా ఎదిగారు. వాళ్లందరికీ చిన్నతనంలో కనీసం ఒక్క పెద్దమనిషి తోడు ఉంది: అమ్మమ్మో, పిన్నో, టీచరో, ఎవరైతేనేం. ఇది చాలామంది చెప్పే భాగం. చెప్పని భాగం నాకు మరీ ఇష్టం. పద్దెనిమిదేళ్లకు గాడి తప్పినట్టు కనిపించిన మిగతావాళ్లలో కూడా ఎక్కువమంది ముప్పై, నలభై ఏళ్లు వచ్చేసరికి నిలదొక్కుకున్నారు. చదువు మళ్లీ మొదలుపెట్టడం, ఉద్యోగం, నిలకడైన మనిషితో పెళ్లి, ఏదో ఒక మలుపు దొరికింది వాళ్లకు.

రెండో తలుపు

కౌమారం గురించి శాస్త్రం చెప్పే రెండు మాటలు ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. రెండూ వినాలి.

మొదటిది కష్టమైనది. భయం పోవడమంటే పాత జ్ఞాపకం చెరిగిపోవడం కాదు. ఈ చప్పుడు తర్వాత ఏమీ జరగలేదన్న కొత్త జ్ఞాపకం దాని పైన పేరుకోవడం. 2012లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల్లోనూ మనుషుల్లోనూ ఇది కొలిచారు. ఒక గుర్తుకూ ఒక భయానికీ ముడిపెట్టి, తర్వాత ఆ గుర్తును ఊరికే చూపిస్తూ పోతే, చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ భయాన్ని త్వరగా విడిచారు. కౌమారంలో ఉన్నవాళ్లు అంత త్వరగా విడవలేదు. ఎనిమిది నెలలైనా పళ్లెం చప్పుడుకు ఎందుకు లేచావని ఆ అమ్మాయిని అడిగితే, ఆమె చెప్పలేని జవాబు ఇదీ.

రెండోది ఆశ. మినెసోటాలో మేగన్ గన్నర్ బృందం, అనాథాశ్రమాల్లో పసితనం గడిపి తర్వాత అమెరికన్ కుటుంబాల్లో దత్తతకు వచ్చిన పిల్లలను పరీక్షించింది. కొత్తవాళ్ల ముందు నిలబెట్టి మాట్లాడించి, లెక్కలు చేయించి, ఉమ్మిలో కార్టిసాల్ కొలవడం ఆ పరీక్ష. యవ్వనం రాకముందు ఈ పిల్లల మోటారు నీరసంగా ఉంది. యవ్వన లక్షణాలు వచ్చేకొద్దీ ఆ స్పందన మామూలు పిల్లల స్థాయికి చేరుకుంది. ఈ ఫలితం 2019లో వచ్చింది. పసితనంలో ఒకసారి కుదిర్చిన అమరికను శరీరం యవ్వనంలో మళ్లీ తీసి, ఇప్పుడున్న పరిసరాలను బట్టి కుదుర్చుకుంటోందన్నమాట. అనాథాశ్రమమూ కొట్టుకునే ఇల్లూ ఒకటి కావు, కనక తొందరపడి ఒకదాని ఫలితం ఇంకోదానికి అంటగట్టకూడదు. అయినా ఒక షరతు మాత్రం రెండిటికీ వర్తిస్తుందని నా నమ్మకం: ఆ పిల్లలు అప్పటికి మంచి ఇళ్లలో ఉన్నారు. కొత్తగా కుదుర్చుకోవడానికి చుట్టూ కొత్తది ఉండాలి కదా.

అందుకే "హాస్టల్లో వేసేస్తే అన్నీ మర్చిపోతుంది" అన్న సలహా వింటే నాకు గుబులు. కొందరు పిల్లలకు హాస్టలు ఊపిరి. ఇంటి కాపలా నెత్తినేసుకున్న ఇలాంటి పిల్లకు మాత్రం, అమ్మా తమ్ముడూ కంటి ముందు లేని చోట, తెల్లవారుజామున అయిదింటికి స్టడీ అవర్‌లో కూర్చోబెడితే ఏమవుతుంది? ఆమె ఒళ్లు అక్కడ ఉంటుంది, చెవులు తెనాలిలో ఉంటాయి.

చికిత్సలు ఉన్నాయి. 1990ల్లో అమెరికాలో జుడిత్ కోహెన్, ఆంథొనీ మానరినో, ఎస్తర్ డెబ్లింగర్ తీర్చిదిద్దిన పద్ధతికి ఎక్కువ రుజువులు ఉన్నాయి. వారానికోసారి చొప్పున పన్నెండు నుంచి పాతిక సిట్టింగులు. ముందు ఒంటిని శాంతపరచుకోవడం నేర్పుతారు. నెమ్మదిగా ఊపిరి వదిలితే వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది, అందులో మంత్రం ఏమీ లేదు. తర్వాత జరిగినదాన్ని మెల్లగా, వరసగా చెప్పిస్తారు, రాయిస్తారు. హిప్పోక్యాంపస్ అప్పుడు చెయ్యలేకపోయిన వరస పేర్చే పనిని ఇప్పుడు చేయించడమే అది. చివర్లో అమ్మను పిలిచి, పిల్ల తను రాసుకున్నది అమ్మకు చదివి వినిపిస్తుంది. అమ్మ ఏడవకుండా వినగలిగే స్థితికి ఆమెను ముందే సిద్ధం చేస్తారు. అసలు అమ్మకు సాయం దొరక్కుండా పిల్లలకు మాత్రమే వైద్యం చేస్తే సగం పనే అవుతుంది. ఇలాంటి శిక్షణ ఉన్నవాళ్లు మన జిల్లాల్లో తక్కువ. 14416 అన్న టెలి మానస్ నంబరు 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనిపిస్తోందని పిల్లలు ఒక్కసారి అన్నా సరే, అది బెదిరింపని కొట్టిపారెయ్యకుండా వెంటనే చెయ్యాల్సిన ఫోన్ అది. ఇంట్లో ఇంకా దెబ్బలు పడుతుంటే పిల్లలే నేరుగా చెయ్యగల నంబరు 1098.

చట్టంలో ఒక చిన్న సంగతి చాలామందికి తెలియదు. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇచ్చేటప్పుడు, హింస చేసిన మనిషి బాధితురాలి పనిచోటుకే కాదు, బాధపడింది పిల్లలైతే వాళ్ల స్కూలుకు కూడా వెళ్లకూడదని ఆదేశించవచ్చు. తమ్ముడు రోజూ సాయంత్రం స్కూలు గేటు బయటికి తొంగిచూసి గాని కదలడు. వాడి ఒంటికి ఆ కాగితం చేసే మేలు ఏ మాత్రకూ తీసిపోదు.

మావయ్యకు ఇవేవీ తెలియవు. ఆయనకు తెలిసిందల్లా తన నవ్వు ఆ రోజు తప్పు చోట పడిందని. మర్నాటి నుంచి బండి సందు మొదట్లోనే ఒకసారి హారన్ కొట్టి, "నేనేరా" అని కేకేసి గాని గేటు తీసేవాడు కాదు. ఆలస్యమైతే ఫోన్ చేసి ఎన్నింటికొస్తాడో చెప్పేవాడు, చెప్పిన వేళకు వచ్చేవాడు. అత్తయ్య ఇంకో అడుగు ముందుకేసింది. వంటింట్లో ఏది జారినా ఆ చప్పుడు మీదే "నేనే! గరిట!" అనేది, "నేనే! మూత!" అనేది. మొదట్లో పక్కింటివాళ్లు నవ్వుకున్నారు. చప్పుడుకు వెంటనే పేరు దొరికితే అమిగ్డాలా లేపిన కేకకు జవాబు త్వరగా అందుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సంక్రాంతి ముందు ఒక సాయంత్రం, ఇంట్లో అందరూ ముందుగదిలో ఉండగా వంటింట్లో ఏదో పెద్దగా పడింది. పడి, దొర్లి, గట్టును కొట్టుకుంది. తమ్ముడు తల ఎత్తాడు. అత్తయ్య ఇక్కడే ఉంది, అమ్మ ఇక్కడే ఉంది. లోపలినుంచి అక్క గొంతు వినబడింది.

"నేనే! బిందె!"